పాపాగ్ని కింది పాపాగ్ని

ముప్ఫై మూడేళ్ళ ఉద్యోగంలో నువ్వు చేసిన ఘనకార్యం ఒక్కటి చెప్పమంటే, ఒక నదిని కనిపెట్టానని చెప్తాను. అది పటంలో లేని నది. పాపాగ్ని కింద, ఇసుకలో, మనిషి లోతున నడిచే ఇంకో పాపాగ్ని. ఈ సంగతి అల్లుళ్ళకు చెప్పాను, పెన్షన్ ఆఫీసు గుమాస్తాకు చెప్పాను, రైల్లో ఎదురుగా కూర్చున్న ప్రతి మనిషికీ చెప్పాను. అందరూ కళ్ళు పెద్దవి చేసుకొని విన్నారు. ఇప్పుడు శాఖలో కొత్తగా చేరిన పిల్లలు చదువుతారు, రాయమన్నారు. నోటితో చెప్పిన గొప్ప గాలికి పోతుంది; కాగితం మీద పెట్టింది మాత్రం ఎవరో ఒకరు లెక్క కట్టి చూస్తారు. అందుకని మొదట్లోనే ఒక మెట్టు దిగుతాను. కనిపెట్టాను అన్నది కొంచెం ఎక్కువ. ఆ నది అక్కడుందని ఊళ్ళో అందరికీ తెలుసు. తెలియనివాణ్ణి నేనొక్కణ్ణే. మిగతా మెట్లు దారిలో దిగుతాను.

అవి కర్నూలు రాజధానిగా ఉన్న రోజులు. పెద్ద పెద్ద ఆఫీసులు డేరాల్లో నడిచేవి. నా నియామకపు ఉత్తర్వు కూడా డేరాలోనే చేతికొచ్చింది. గాలికి ఎగిరిపోకుండా దాని మీద ఒక గుండ్రాయి పెట్టి ఉంచారు. కాగితం నాకిచ్చి రాయి మాత్రం గుమాస్తా జాగ్రత్తగా వెనక్కు తీసుకున్నాడు. ఓవర్సీరు ఉద్యోగం, కడప జిల్లా, కమలాపురం వైపు. వయసు ఇరవై రెండు. పరీక్షలో జిల్లాకే మొదటివాణ్ణి అని చెప్పుకొనేవాణ్ణి. మూడోవాణ్ణి.

పాపాగ్ని చూడనివాళ్ళకు రెండు మాటలు చెప్పాలి. కన్నడ సీమలో ఎక్కడో పుట్టి, గండి దగ్గర కొండను నిలువునా కోసుకొని, కోసిన కొండనంతా ఇసుక చేసి మోసుకొచ్చి, పెన్నలో కలిసే ముందు మా కళ్ళెదుట పరుస్తుంది. ఏడాదిలో పది నెలలు అది ఇసుక ఏరే. ఒడ్డు నుంచి ఒడ్డుకు అర మైలు ఎండుటిసుక. మిగిలిన రెండు నెలల్లో ఎప్పుడో నాలుగు రోజులు వరదొస్తుంది. ఆ నాలుగు రోజుల్లో ఒక ఒడ్డును కొరుకుతుంది, ఇంకో ఒడ్డున దిబ్బ వేస్తుంది, నిరుడు లోతున్న చోటును పూడుస్తుంది, మెరకగా ఉన్న చోటును తవ్వుతుంది. వెళ్ళిపోయాక చూస్తే పాత ఇంట్లో సామానంతా ఎవరో అటూ ఇటూ జరిపినట్టుంటుంది.

వరద పోయినా నీళ్ళు పోవు. ఇసుక కింద మెల్లగా నడుస్తూనే ఉంటాయి. ఆ నీళ్ళను పట్టుకోవడానికి మన సీమ రైతులు చేసే పని ఊటకాలువ. ఏట్లోనే, ఎగువన, ఇసుకను నీళ్ళు తగిలేదాకా లోతుగా తవ్వుతారు. అక్కడి నుంచి కాలువను దిగువకు తీసుకొస్తారు, ఏటి వాలు కంటే తక్కువ వాలుతో. ఏరు కిందికి కిందికి దిగిపోతుంటుంది, కాలువ మాత్రం అంత దిగనని మొండికేస్తుంది. మైలు దూరం పోయేసరికి కాలువ నీళ్ళు ఏటికంటే ఎత్తున, పొలం గట్టు పక్కన బయటపడతాయి. ఎద్దూ లేదు, నీళ్ళు తోడే కపిలా లేదు, నీళ్ళు వాటంతటవే మడిలోకి నడిచి వస్తాయి. వచ్చే ఏడు వరద మళ్ళీ పూడ్చేస్తుంది. మళ్ళీ తవ్వాలి. ఇంటికొక మనిషి, ఒక పార, ఒక గంప. రానివాళ్ళ మడికి నీళ్ళు లేవు.

ఆ ఏడు వరద చాలా పెద్దది. ఏడు ఏనుగుల ఎత్తు వచ్చిందని చెప్తుంటాను. నేను చూడలేదు, ఒక ఏనుగు ఎత్తు ఉండొచ్చు. కాలువ ఆనవాలు కూడా లేకుండా పూడిపోయింది. ఏటి ఒడ్డున ఉన్న ఒక పల్లెవాళ్ళు అర్జీ పెట్టుకున్నారు. కాలువ గట్లు జారకుండా అడ్డం వేసుకోవడానికి సర్కారు బంజరులో తుమ్మకంప కొట్టుకుంటామని వాళ్ళడిగారు. వాళ్ళడిగింది కంప. సర్కారు పంపింది నన్ను.

నాతో ఒక చైన్‌మన్ వచ్చాడు. ఆత్మకూరు సాయిబు, నా తండ్రి వయసువాడు. నల్లమలలో ఇరవై ఏళ్ళు సర్వే గొలుసు లాగి లాగి, ఏ గుట్టను చూసినా దాని వెనక ఏముందో చెప్పేవాడు. అడిగితేనే చెప్పేవాడు. అడగకపోతే బీడీ ముట్టించేవాడు.

మేం డేరా వేసిన మరునాడు ఊరి మునసబు పదిమందిని వెంటబెట్టుకొని వచ్చాడు. అరవై దాటిన మనిషి, మాట మెత్తన. తవ్వకం ఎప్పుడు మొదలుపెడదామని అడిగి, అంతకుముందు ఒక పని ఉందని చెప్పాడు. ఏటా తవ్వే ముందు ఊరి పెద్దలు టెంకాయ, ఆకువక్క తీసుకొని ఏట్లో గుడ్డలుతికే అవ్వ దగ్గరకు పోయి, ఈ ఏడు బండ ఎక్కడ వేశావమ్మా అని అడగాలట. ఆమె ఉతికే బండకు ఎగువన నూరు గజాల దగ్గర కాలువ తల పెట్టాలట. ఆమె అత్త కాలం నుంచీ అదే పద్ధతి.

నేను తోలుపెట్టె మూత తీసి, ఎత్తుపల్లాలు కొలిచే లెవెల్ పరికరం చూపించాను. ఇత్తడి తళతళలాడింది. దీని ముందు బండలూ టెంకాయలూ ఎందుకన్నాను. టెంకాయ నాకే ఇస్తే ఊరిబిండి పచ్చడిలో వేయించుకుంటానని కూడా అన్నాను. అందరూ నవ్వారు. సర్కారు మనిషి ఎగతాళికి నవ్వడం మర్యాద కదా.

రెండు రోజులు ఏరంతా కొలిచాను. ఎడమ ఒడ్డు పక్కన పల్లం ఉంది. వరద పోయి నెలలు దాటినా అక్కడ ఒక మడుగు ఇంకా నిలిచే ఉంది. కుడి ఒడ్డు పక్కన ఇసుక దిబ్బ. మడుగు కంటే నాలుగడుగుల మెరక. అవ్వ తన బండను, రెండు గాడిదలను తీసుకుపోయి ఆ దిబ్బ పక్కన మకాం పెట్టింది. నాకు నవ్వొచ్చింది. కళ్ళెదుట మడుగు పెట్టుకొని దిబ్బలో నీళ్ళు వెతుక్కునే మనుషులకు చదువు ఎంత అవసరమో అనుకున్నాను. మడుగుకు ఎగువన కాలువ గీతకు గుర్తుగా మేకులు కొట్టాను. గీత ఎలా ఉందని సాయిబును అడిగాను. నిజానికి మెచ్చుకొమ్మని అడిగాను.

"నేను పట్టేది గొలుసు సార్. గీత మీది," అన్నాడు, బీడీ ముట్టించి.

తవ్వకం మొదలైంది. ఆ పని చూసి తీరాలి. యాభై పారలు ఒక్కసారి లేస్తాయి. గంపలు చేతులు మారుతుంటాయి. ఒకరినొకరు బావలను చేసుకొని తిట్టుకుంటారు. మధ్యాహ్నం ఆడవాళ్ళు సంగటి ముద్దలు, చెనిక్కాయల ఊరిబిండి తెస్తే ఇసుకలోనే వరసగా కూర్చొని తింటారు. నేను గొడుగు కింద నిలబడి వాలు చూస్తూ అటూ ఇటూ తిరిగేవాణ్ణి. నేను కూడా పార పట్టానని తరువాత కాలంలో చెప్పుకున్నాను. పట్టాను, ఒకసారి, ఫొటో తీస్తారేమోనని. ఫొటో తీసేవాడు రాలేదు.

పదకొండో రోజుకు కాలువ తల నడుము దాటి లోతు పోయింది. ఇసుక అయిపోయి నల్లటి అడుసు తగిలింది. జిగట జిగటగా పారకు అంటుకుంటుంది, విదిలిస్తే ఊడదు. దాంట్లోంచి పూటకు ఒక చెంబు నీళ్ళు ఊరాయి. అవీ కషాయం రంగులో. ఇంకొంచెం లోతుకు పోదామన్నాను. పోయారు. ఇంకా నల్లటి అడుసు. బావలను తిట్టుకోవడం ఆగిపోయింది.

ఊళ్ళో నారుమళ్ళు ఉన్నాయి. ఊటకాలువ వస్తుందనే ధైర్యంతో బావుల్లో మిగిలిన నీళ్ళు కపిలలతో తోడి పెంచిన వరి నారు. వయసు మీరక ముందే నాటాలి. ముదిరి కణుపు వేసిందంటే నాటినా పిలకలు రావు, గడ్డికే పనికొస్తుంది. ఆ ఊరికి ఏడాదికి అదొక్కటే వరి. మిగతాదంతా వాన దయ.

పదకొండో రోజు సాయంత్రం నుంచి మునసబు ఒక పని మొదలుపెట్టాడు. డేరాకు వచ్చేవాడు, నమస్కారం పెట్టేవాడు, నేను బల్ల మీద పరిచిన ప్లాను మీద ఒక నారుమొక్క పెట్టి వెళ్ళిపోయేవాడు. మరునాడు పొద్దున ఇంకొకటి. సాయంత్రం ఇంకొకటి. నేను వాటిని పక్కపక్కన పెట్టి చూసేవాణ్ణి. పూటపూటకూ ఎత్తు పెరుగుతున్నట్టు, కాడ గట్టిపడుతున్నట్టు తోచేది. నా ఉద్యోగ జీవితంలో మెమోలు చాలా తిన్నాను కానీ అంత ఘాటైన మెమో ఇంకొకటి లేదు. పైగా పది రోజుల్లో ఇంజినీరుగారు కాలువ చూడటానికి వస్తున్నట్టు కబురొచ్చింది.

పదమూడో రోజు పొద్దున సాయిబు అవ్వ దగ్గర నుంచి ఉతికిన బట్టల మూట తెచ్చి, నా తెల్లచొక్కా ఒకటి తీసి ఎండకు పట్టి చూశాడు.

"ఏమి తెలుపు సార్. మన కాల్వ నీళ్ళలో ముంచితే ఇట్లుంటాదా?"

అంతే అన్నాడు. నేను అడగకుండా ఆయన ఇచ్చిన సలహా అదొక్కటే.

టెంకాయ ఒకటి తెప్పించుకొని ఒక్కణ్ణే బయలుదేరాను. ఎవరి కంటా పడకూడదని ఊరి వెనక నుంచి చుట్టు తిరిగి ఏట్లోకి దిగాను. ఎంత తెలివి. చెట్టు లేదు, పుట్ట లేదు. అర మైలు వెడల్పు తెల్లటి ఇసుకలో చొక్కా, నిక్కరు, టోపీ వేసుకొని చేతిలో టెంకాయతో నడిచే ఓవర్సీరు రెండు ఒడ్లకూ కనిపిస్తాడు. పార పట్టినవాళ్ళందరూ ఆపి చూశారు.

అవ్వ బండ మీద నుంచి కళ్ళెత్తలేదు.

"రా సామీ. పదమూడు దినాలు పట్టింది నీకు."

టెంకాయ ఇవ్వబోయాను. చేతులు తడిగా ఉన్నాయి, ఆ గంపలో పెట్టమంది. దిబ్బలో నీళ్ళు ఉంటాయని నీకెట్లా తెలుసవ్వా అని అడిగాను. ఆమె అక్కడున్న పార చూపించి, మడుగు పక్కన ఒక చెలమ తవ్వి రమ్మంది. చెలమంటే ఇసుకలో నీటి గుంత. మడుగేమో అవతలి ఒడ్డున ఉంది. పోయి తవ్వాను. చెమట కారింది కానీ నీళ్ళు ఊరలేదు, అడుగున అడుసు మెరిసింది. తిరిగొస్తే, ఇప్పుడు ఈడ తవ్వమని తన బండ పక్కన చూపించింది. తవ్వాను. మోకాలి లోతు దాటి ఇంకొంచెం పోయానో లేదో ఇసుక తడిసి జారింది. పార పక్కన పెట్టి మొహం తుడుచుకొని వంగి చూస్తే నా మొహం అందులో కనిపించింది. నీళ్ళు తేటగా ఉన్నాయి. దోసిలితో తోడితే మళ్ళీ అంతే నిండాయి.

"ఆ మడుగులో నీళ్ళు నిలబడి ఉండాయంటే ఏమి సామీ, కింద దావ లేదని. దావ ఉంటే ఎందుకు నిలబడతాయి, పోతాయి గదా. నువ్వు నీళ్ళు నిలిచే తావు చూసినావు. మనకు కావాల్సింది నీళ్ళు పోయే తావు."

నేను ఆ దిబ్బ మీదే చతికిలబడ్డాను. ఆమె గుడ్డ పిండుతూ మిగతాది చెప్పింది. మొన్నటి వరదలో ఏరు ఈ పక్కన కొట్టిందట. పాత లోతును గరుకు ఇసుకతో నింపి, పైన దిబ్బ పోసిందట. ఆ పక్కకు వచ్చేసరికి అలిసిపోయి, మోసుకొచ్చిన ఒండ్రునంతా అక్కడ దించేసిందట.

"ఏరు కొట్టిన తావులో గరుకిసుక, అలిసిన తావులో బురద. శానా తేలిక సామీ."

తరువాత ఎప్పుడో ఇదే సంగతిని బొమ్మలతో, లెక్కలతో నలభై పేజీల్లో రాసిన పుస్తకం చదివాను. ఆమె చెప్పినదానికంటే ఒక్క ముక్క ఎక్కువ లేదు.

ఇవన్నీ ఎలా పట్టించుకున్నావని అడిగితే ఆమె కొంచెం చిరాకు పడింది. "బురద నీళ్ళలో ఉతికితే గుడ్డ నల్లబడతాది. ఊరంతా నా మింద పడతారు. నువ్వు తప్పు చేస్తే ఇంకో ఊరికి పంపిస్తారు. నేను తప్పు చేస్తే కూడు పుట్టదు." అని బండ మీద నా చొక్కానే ఒకటి వేసి బాదింది.

మునసబు దగ్గరకు పోయి తప్పు ఒప్పుకోవాలని దారంతా మాటలు కూర్చుకుంటూ నడిచాను. ఆ శ్రమ వృథా అయింది. నేను కాలువ దగ్గరకు చేరేసరికి పారలు, గంపలు అప్పటికే గట్టెక్కి, కుడి ఒడ్డు వైపు బయలుదేరి ఉన్నాయి.

"మేకులు మాత్రం మీరే కొట్టండి సార్," అన్నాడు మునసబు. "కాయితంలో ఉండాల గదా."

ఒక మాట నా వైపు నుంచి కూడా చెప్పుకోనివ్వండి. ముందు తవ్విన కాలువలో దిగువ సగం పనికొచ్చింది. కొత్త తల నుంచి దానికి అడ్డంగా కలుపుకుంటే సరిపోయింది. వాలు అంగుళం కూడా తప్పలేదు. ఇది గొప్ప కాదు, నిజం. కావాలంటే ఆ ఊరికి పోయి అడగండి. అడగడానికి అప్పటివాళ్ళు ఎవరూ లేరనుకోండి.

ఆరు రోజులు యాభై ఇళ్ళవాళ్ళూ వంచిన నడుము ఎత్తలేదు. ఆ ఆరు రోజులూ నేను నిజంగా పార పట్టాను. అరచేతుల్లో బొబ్బలు చూసి జనానికి మళ్ళీ బావలు గుర్తొచ్చారు. ఈసారి నన్ను కూడా కలుపుకొని తిట్టుకున్నారు. ఆరోరోజు మధ్యాహ్నం కాలువ తలలో చివరి గట్టు తెగ్గొట్టారు. నీళ్ళు మొదట వేళ్ళంత సన్నగా, తరువాత చేయంత లావుగా వచ్చాయి. నీళ్ళ ముందర ఎండుటాకులు, పేడపురుగులు, నురుగు కొట్టుకొస్తుంటే పక్కనే అందరూ నడిచారు. మైలు దూరం నీళ్ళ నడకతోనే నడిచాం, అవి ఆగితే ఆగాం. పొలం గట్టు దగ్గర అవి పైకి తేలి మడిలోకి వంగాయి. ఆడవాళ్ళు చీరలు ఎగదోపి అప్పటికే నారు కట్టలు పట్టుకొని నిలబడి ఉన్నారు.

ఊరందరి నారూ బతికింది. ఒక్కటి తప్ప. అందరికంటే ముందు విత్తుకున్న నారు అప్పటికే కణుపు వేసింది. కోసి ఎద్దులకు వేశారు. అది మునసబుది. రోజూ నా ప్లాను మీద పెట్టిన మొక్కలు ఆ మడివే. ఆయన ఆ మాట నాకు చెప్పలేదు. సాయిబు చెప్పాడు.

రెండు రోజులకు ఇంజినీరుగారు జీపులో వచ్చారు. పెద్దవయసు మనిషి, నెరిసిన గడ్డం, తక్కువ మాట. కాలువ తల దగ్గర నిలబడి చాలాసేపు చూశారు. వదిలేసిన నా పాత గుంతను కూడా చూశారు. తరువాత అవ్వ బండ వైపు దిగువకు నడుస్తూ, ఈ దిబ్బ కింద ఊట ఉందని ఎలా తెలుసుకున్నావని అడిగారు.

పది గజాల దూరంలో అవ్వ గుడ్డలుతుకుతోంది.

"ట్రయల్ పిట్లు తవ్వి చూశాను సార్," అన్నాను.

ఏదీ చూపించమన్నారు. బండ పక్కనున్న చెలమ చూపించాను. దాని అంచున గుడ్డలుతకడానికి వాడే చౌడు మట్టి కుప్ప, ఒక పగిలిన కుండ, ఆరేసిన ఎర్రచీర కొంగు. ఆయన చెలమ చూశారు, చౌడు చూశారు, చీర చూశారు. "పిట్ బాగుంది," అన్నారు. బండ మీద గుడ్డ చప్పుడు ఒక్క దెబ్బ తప్పి, మళ్ళీ మొదలైంది. నెల తిరిగేలోగా నన్ను మెచ్చుకుంటూ కాగితం వచ్చింది. దాన్ని చట్రం కట్టించుకున్నాను. ఇప్పటికీ మా హాల్లో ఉంది.

మరుసటి ఏడు వరద మళ్ళీ వచ్చింది, కాలువ మళ్ళీ పూడింది. పోయినేటి గీత ప్రకారం తవ్వించమని ప్లానుతో సహా నన్నే పంపారు. ప్లాను పెట్టెలో నుంచి తియ్యలేదు. టెంకాయ తీసుకొని, ఈసారి ఊరి మధ్యలో నుంచే నడిచాను. మునసబు, ఊరివాళ్ళు, సాయిబు వెనక వచ్చారు. అవ్వ దిబ్బ వదిలేసి ఏటి నడుమకు మారింది. ఈ ఏడు బండ యాడ ఏసినావవ్వా అని, నేర్చుకున్న మాటే అడిగాను. ఆమె చేతులు తుడుచుకుంది.

"చెప్తా. ముందు పోయినేడు మీ పెద్దసారుకు ఏమి చెప్పినావో ఈళ్ళకు చెప్పు సామీ."

ఇంతమంది. మిట్టమధ్యాహ్నం. దాక్కోవడానికి ఇసుక తప్ప ఏమీ లేదు.

"గుంతలు తవ్వి నేనే కనుక్కున్నానని చెప్పినాను."

మునసబు సాయిబు వైపు చూశాడు. సాయిబు బీడీ కోసం జేబు తడుముకున్నాడు. అవ్వే నన్ను ఆదుకుంది.

"అబద్ధమేముండాదప్పా. రెండు గుంతలు తవ్వినాడు. ఒకదాంట్లో నీళ్ళు గూడా పడినాయి."

ఆ నవ్వు గండి దాకా వినిపించిందని నేను అంటే ఎక్కువ చేసినట్టు కాదు. ఆమె టెంకాయ బండకు కొట్టి సగం నా చేతిలో పెట్టింది. ఎగువకు నూరు గజాలు నాతో నడిచి, కాలి మడమతో ఇసుకలో గీత గీసింది. తొమ్మిది రోజుల్లో నీళ్ళు పొలం చేరాయి. మునసబు నారు ఆ ఏడు అందరికంటే ముందు నాటారు.

కాలువ తవ్వడం అయ్యాక, తవ్విన చోటుకు సరిపోయేలా ప్లాను గీసి పంపాను. అలా చేసినవాణ్ణి శాఖలో నేనొక్కణ్ణేనని చాలాకాలం అనుకున్నాను. రిటైరయ్యాక తోటివాళ్ళను కదిపితే అందరూ అంతేనన్నారు. ఆ ప్లానులో కాలువ తల స్థానం ఎలా నిర్ణయించారు అనే చోట, ధైర్యం చేసి, గుడ్డలుతికే అవ్వ బండకు ఎగువన నూరు గజాలు అని ఉన్నదున్నట్టు రాశాను. సంజాయిషీ అడుగుతారని ఎదురుచూశాను. ఇంజినీరుగారు సంతకం పెట్టి, పక్కన ఎర్రసిరాతో ఒక వాక్యం రాసి తిప్పి పంపారు: "పోయిన సంవత్సరపు ఫైలును కూడా ఇదే విధంగా సరిచేసి పంపవలెను."

వెంటనే సరిచేసి పంపానని రాయాలని ఉంది. పంపలేదు. చట్రం కట్టించుకున్న కాగితం అడ్డమొచ్చింది. ఇదిగో, ఇప్పుడు పంపుతున్నాను. కాలువ తల స్థానం: కుడి ఒడ్డు దిబ్బ, అవ్వ బండకు ఎగువన నూరు గజాలు. ఊట కనుక్కున్నది: అవ్వ. గుంతలు తవ్వినది: నేను, రెండు, అందులో ఒకటి వట్టిది.